బడి భవనానికీ ఒక సర్వీసు రిజిస్టరు

మొన్నటి వానాకాలంలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల చూడ్డానికి వెళ్లాను. గేటు దగ్గర నిలబడి చూస్తే బడి మొత్తం గుంతలో కట్టినట్టుంది. కట్టినప్పుడు అలా లేదట. ముప్పై ఏళ్ల కిందట వరండా ఎక్కడానికి మూడు మెట్లుండేవని, అక్కడే చదువుకుని ఇప్పుడు తన కూతుర్నీ అక్కడే చదివిస్తున్న ఒకాయన చెప్పాడు. ఈ ముప్పై ఏళ్లలో బడి ముందు మూడుసార్లు సీసీ రోడ్డు పడింది. ప్రతిసారీ పాతదాన్ని తవ్వకుండా దాని మీదే పోశారు. రోడ్డు లేచింది, వాన నీళ్లు బడిలోకి మళ్లాయి. నీళ్లు నిలుస్తున్నాయని ఆవరణలో మట్టి తోలించారు. ఇప్పుడు ఒక్క మెట్టే పైకి కనిపిస్తోంది. తరగతి గది గోడకు మోకాలెత్తు దాకా చెమ్మ. దాని మీద రెండేళ్ల కిందట వేసిన మంచి రంగు బుడగలు కట్టి ఊడుతోంది. చెయ్యి ఆనిస్తే తడి సున్నం అంటింది.

రంగు వేసినవాళ్ల తప్పు లేదు. రోడ్డు వేసినవాళ్లు తమకిచ్చిన పని చేశారు. పిల్లలు జారిపడకూడదనే హెడ్మాస్టరు మట్టి తోలించారు. మూడు పనులకూ మూడు ఎస్టిమేట్లు, మూడు ఎంబీలు (కొలతల పుస్తకాలు), మూడు బిల్లులు ఉండే ఉంటాయి. ఆ మూడింటినీ ఒకచోట పెట్టి చూపించే కాగితం మాత్రం ఎక్కడా లేదు. సర్కారు బడుల వసతుల మీద రెండు తెలుగు రాష్ట్రాల్లో నలభై ఏళ్లుగా జరిగిన పనిని సమీక్షించాలంటే ఈ మెట్ల దగ్గర మొదలుపెట్టడమే సరైనదనిపించింది. డబ్బు చాలలేదన్న మాట నిజమే. అయితే ఖర్చు పెట్టిన డబ్బు కూడా నిలబడకుండా చేసిన లోటు ఒకటుంది. మన బడి భవనాల చరిత్ర ఎక్కడా రాసి లేదు. టీచరు ఉద్యోగంలో చేరిన రోజు నుంచి రిటైరయ్యే రోజు దాకా సర్వీసు రిజిస్టరు వెంట ఉంటుంది. ఇంక్రిమెంటు, బదిలీ, సెలవు, అన్నీ అందులోకి ఎక్కుతాయి. నలభై, యాభై ఏళ్లు పిల్లలకు నీడనిచ్చే భవనానికి అలాంటి పుస్తకం లేదు.

అసలు ఈ బడి ఎవరిది? బోర్డు మీద జిల్లా పరిషత్ అని ఉంటుంది, ప్రాథమిక పాఠశాలైతే మండల పరిషత్ అని. స్థలం ఒకచోట పంచాయతీది, ఇంకోచోట దాత రాసిచ్చింది, మరోచోట ఎవరిదో తేలనిది. పాత గదులు ఒక పథకం కింద, కొత్త గదులు సమగ్ర శిక్ష కింద, వంటగది ఉపాధి హామీ కింద, ప్రహరీలో సగం ఎమ్మెల్యే నిధుల కింద కట్టి ఉంటాయి. మరమ్మతు కావాలంటే ఎస్టిమేట్ వేసే ఏఈ పంచాయతీరాజ్ ఇంజినీరింగ్ విభాగం మనిషి కావచ్చు, విద్యా మౌలిక వసతుల సంస్థ మనిషీ కావచ్చు. టీచర్లకు పైఅధికారి జిల్లా విద్యాధికారి (డీఈఓ). ఆయన చేతిలో భవనం మీద ఖర్చు పెట్టే సొంత డబ్బు దాదాపు లేదు. అమెరికాలో స్కూల్ డిస్ట్రిక్ట్ అంటే సొంతంగా పన్ను వేసి, అప్పు తెచ్చి, బడి కట్టుకునే సంస్థ. మన జిల్లా విద్యాశాఖ అలాంటిది కాదు. పైనుంచి వచ్చిన పథకాన్ని కిందికి చేరవేసే కార్యాలయం. ఆ జిల్లాలు కూడా ఒకచోట ఆగలేదు. తెలంగాణలో 2016 దసరాకు పది జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. ఫైళ్లు పంచుకునేటప్పుడు ఉద్యోగుల ఫైళ్లు జాగ్రత్తగానే పంచుకున్నారు. కట్టడాల డ్రాయింగులు ఎక్కడున్నాయని నేను అడిగినచోటల్లా ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

ఒక్కసారి వెనక్కి వెళ్తే, ఈ గదులన్నీ ఏయే అలల్లో లేచాయో తెలుస్తుంది. 1980ల్లో బ్రిటిష్ సాయంతో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం వచ్చింది. 1986 జాతీయ విద్యా విధానం తర్వాత ఆపరేషన్ బ్లాక్‌బోర్డు వచ్చి, ప్రతి ప్రాథమిక పాఠశాలకూ ఎండావానలకు తట్టుకునే రెండు గదులు, ఇద్దరు టీచర్లు ఉండాలంది. ఆ ఇద్దరిలో ఒక మహిళ ఉండేలా చూడాలని కూడా అంది. తొంభైల్లో జిల్లా ప్రాథమిక విద్యా పథకం (డీపీఈపీ), 1997లో జన్మభూమి, 2001 నుంచి సర్వశిక్షా అభియాన్, 2009 నుంచి ఉన్నత పాఠశాలల కోసం ఆర్‌ఎంఎస్‌ఏ, 2018లో అన్నీ కలిపి సమగ్ర శిక్ష. ప్రతి అలా కొన్ని గదులు మిగిల్చి పోయింది. బడి ఆవరణలో ఒకసారి చుట్టూ తిరిగితే తెలిసినవాళ్లు గది చూసి పథకం పేరు చెప్పేయగలరు. వరండా వెడల్పు, కిటికీ ఊచలు, సన్‌షేడు ఆకారమే చెప్తాయి. అంటే ఆ తొంభైల నాటి శ్లాబులకు ఇప్పుడు ముప్పై ఏళ్లు. లోపలి చువ్వ తుప్పు పట్టి ఉబ్బి, పెచ్చులు ఊడే వయసు. కోస్తాలో ఉప్పుగాలికి ఇంకా ముందే ఊడతాయి. ఎన్ని గదులు ఒకేసారి ఈ వయసుకు వస్తున్నాయన్నది పదేళ్ల కిందటే లెక్క కట్టగలిగిన విషయం. కట్టిన సంవత్సరం రాసిపెట్టుకుని ఉంటే చాలు.

ఇక ఇటీవలి రెండు పెద్ద ప్రయత్నాలు. వీటిని కొంచెం నిదానంగా చూడాలి.

ఆంధ్రప్రదేశ్‌లో 2019 నవంబరు 14న ఒంగోలు పీవీఆర్ బాలుర ఉన్నత పాఠశాలలో మన బడి నాడు-నేడు మొదలైంది. మొదటి విడతలో 15,700కు పైగా బడులు, ఖర్చు 3,600 కోట్ల రూపాయలకు పైగా. నీళ్లొచ్చే మరుగుదొడ్లు, తాగునీరు, చిన్నా పెద్దా మరమ్మతులు, ఫ్యాన్లు లైట్లు, బల్లలు, గ్రీన్ చాక్‌బోర్డులు, రంగులు, ఇంగ్లిష్ ల్యాబు, ప్రహరీ అంటూ తొమ్మిది అంశాలు పెట్టుకున్నారు. తర్వాత వంటగది చేరింది. కాంట్రాక్టరుకు అప్పగించకుండా తల్లిదండ్రుల కమిటీ ఖాతాలో డబ్బు వేసి, వాళ్ల చేతే పని చేయించడం ఇందులో నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి. ఇసుక లోడు వచ్చిన రోజు ఒక తల్లి పొలం పని మానుకుని వచ్చి కొలిపించుకోవడం చూశాను. ఆ ఇసుక తన పిల్ల కూర్చునే గదికని ఆమెకు తెలుసు. ఫర్నిచర్, ఫ్యాన్లు, రంగులు లాంటివి రాష్ట్ర స్థాయిలో టోకున కొన్నారు. నాణ్యత బాగుంది, ధరా తగ్గింది. కాకపోతే ఊళ్లో ఫ్యాను చెడిపోతే దాని విడిభాగం పక్క బజారులో దొరకని సందర్భాలూ వచ్చాయి. 2021 ఆగస్టు 16న పి.గన్నవరంలో మొదటి విడత బడులను అంకితం చేసి, అదే రోజు రెండో విడత మొదలుపెట్టారు.

ప్రతి పనికీ ముందు ఫొటో, తర్వాత ఫొటో తీసి ఎస్‌టీఎంఎస్ అనే వ్యవస్థలోకి ఎక్కించారు. ఇంత వివరంగా బడుల సమాచారం ఒకచోటికి చేరడం చిన్న విషయం కాదు. నాడు ఫొటో ఉంది, నేడు ఫొటో ఉంది. ఐదేళ్ల తర్వాత అదే గోడ ఎలా ఉందో చెప్పే ఫొటో కూడా అదే గడిలో పడి ఉంటే, మన దగ్గర ఇప్పటికి సగం రిజిస్టరు తయారై ఉండేది. పథకం పూర్తికాగానే లెక్కా ఆగిపోయింది. 2024 జూన్‌లో ప్రభుత్వం మారింది, పథకం పేరు మన బడి-మన భవిష్యత్తు అయింది. రెండో విడతలో మొదలుపెట్టిన అదనపు తరగతి గదులు చాలాచోట్ల పిల్లర్ల దగ్గరే నిలిచిపోయాయి. ఆకాశంలోకి లేచిన ఆ చువ్వలు రెండు వానాకాలాలు తడిశాక మళ్లీ కాంక్రీటు పోయాలంటే ముందు తుప్పు గీకించాలి, ఎంత సన్నబడ్డాయో కొలిపించాలి. సగంలో ఆపిన పనికి అలా ఖర్చు పెరుగుతూనే ఉంటుంది. ఏ ప్రభుత్వం ఆపింది, ఎవరు బిల్లు ఇవ్వలేదు అన్న వాదన నాకిక్కడ ముఖ్యం కాదు. మన ప్రణాళికల ఆయుష్షు ఐదేళ్లు, శ్లాబు ఆయుష్షు యాభై ఏళ్లు. ఈ రెండింటికీ ముడి వేసే పద్ధతి మనం కనిపెట్టుకోలేదు. నాకు బాధ కలిగించేది అదే.

తెలంగాణలో 2022 మార్చి 8న వనపర్తిలో మన ఊరు-మన బడి ప్రారంభమైంది. హైదరాబాద్‌లో దాని పేరు మన బస్తీ-మన బడి. 26 వేలకు పైగా బడులు, మూడేళ్లు, 7,289 కోట్లు, పన్నెండు అంశాలు. మొదటి దశకు 9,123 బడుల్ని ఎంచుకున్నారు, వాటికి 3,497 కోట్లు. ఎంచుకున్న తీరు మీద మాట్లాడుకోవాలి. పిల్లలు ఎక్కువున్న బడులు ముందు అన్నారు. మొత్తం బడుల్లో అవి 35 శాతం, వాటిలో చదివే పిల్లలు 65 శాతం. ఖర్చు పెట్టే ప్రతి రూపాయీ ఎక్కువమంది పిల్లలకు అందాలంటే ఇంతకన్నా సూటి లెక్క లేదు. ఈ లెక్కను నేను తప్పు పట్టను. కానీ మిగతా 65 శాతం బడులు ఎక్కడుంటాయి? తండాల్లో, గూడేల్లో, మండల కేంద్రానికి దూరంగా ఉన్న చిన్న ఊళ్లలో. అక్కడ గది కారుతుంది కాబట్టి పిల్లలు తగ్గుతారు. పిల్లలు తగ్గారు కాబట్టి గది జాబితాలోకి ఎక్కదు. ఏడాది తిరిగేసరికి ప్రైవేటు బడి బస్సు ఊళ్లోకి వస్తుంది. తర్వాతి దశలో మీ వంతు అని వాళ్లకు చెప్పారు. మొదటి దశ పనులే పూర్తికాకముందు, బిల్లుల బకాయిలు పేరుకుపోయి ఉండగా, 2023 డిసెంబరులో ప్రభుత్వం మారింది. 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాయి. మహిళా సంఘాల గ్రామ సమాఖ్య అధ్యక్షురాలు అధ్యక్షత వహిస్తే, హెడ్మాస్టరు కన్వీనరు. బడి తెరిచేలోగా తాగునీరు, మరుగుదొడ్లు, చిన్న మరమ్మతులు చేయించే బాధ్యత వాళ్లది. చాలా ఊళ్లలో చురుగ్గానే చేశారు. మరోపక్క యంగ్ ఇండియా సమీకృత గురుకులాలు నియోజకవర్గానికొకటి చొప్పున, ఒక్కొక్కటి దాదాపు 200 కోట్లతో తలపెట్టారు. అవి మంచి బడులే అవుతాయని ఆశిద్దాం. జిల్లా మొత్తాన్నీ ఒక్క పట్టికలో చూసే మనిషికి మాత్రం వెంటనే ఒక ప్రశ్న వస్తుంది: అదే నియోజకవర్గంలో ఉన్న మిగతా బడులన్నిటికీ కలిపి ఈ ఐదేళ్లలో ఎంత వస్తుంది? ఆ రెండు అంకెలూ పక్కపక్కన రాసి ఉన్న పట్టికను నేను ఇంతవరకు చూడలేదు.

గది ఎక్కడ కట్టాలన్నది పిల్లలెక్కడ ఉంటారన్న దాన్ని బట్టి తేలాలి. ఇక్కడ మన విధానాలు పదేపదే తడబడ్డాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 117 నంబరు జీవో వచ్చింది. కిలోమీటరు లోపు ఉన్నత పాఠశాల ఉంటే ప్రాథమిక పాఠశాలలోని మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని అక్కడికి మార్చారు. సబ్జెక్టు టీచర్లు దొరుకుతారన్నది ఉద్దేశం. దానికి తగ్గట్టు ఉన్నత పాఠశాలల్లో అదనపు గదులు కావాల్సి వచ్చింది, రెండో విడత నాడు-నేడులో వాటికే పెద్దపీట. ఇటు ప్రాథమిక పాఠశాలలో, అంతకు ముందే రంగులు వేయించి బల్లలు తెప్పించిన గదులు ఖాళీ అయ్యాయి. 2025లో ఆ జీవో పోయింది. తరగతికో టీచరు ఉండే మోడల్ ప్రైమరీ స్కూళ్లు వచ్చాయి. అంటే మళ్లీ ప్రాథమిక పాఠశాలలో గదులు కావాలి. మూడేళ్ల తేడాతో ఒకే ఊరి పిల్లలకు రెండు చోట్ల గదులు లెక్కకొచ్చాయి. విధానం మారొచ్చు, మారాలి కూడా. కానీ ఏ విధానం వచ్చినా పనికొచ్చేలా గదిని ముందే ఆలోచించి కట్టుకోవచ్చు. చిన్న పిల్లలకైనా పెద్ద పిల్లలకైనా సరిపోయే కొలతలు, మధ్యలో మడత తలుపు, అంగన్‌వాడీకి ఇచ్చినా ఇబ్బంది లేని మరుగుదొడ్డి, ఇలాంటివి ఎస్టిమేట్‌లో పెద్ద బరువు కావు.

ఇంకో లెక్క కూడా ఉంది, దాన్ని ఎవరూ గట్టిగా మాట్లాడరు. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒక్కో మహిళకు సగటు సంతానం ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. ఇప్పుడు పుట్టిన పిల్లలు ఆరేళ్లకు ఒకటో తరగతికి వస్తారు, పదహారేళ్లకు పది దాటుతారు. పుట్టిన పిల్లల పేర్లు ఏఎన్ఎం రిజిస్టరులో, అంగన్‌వాడీ రిజిస్టరులో ఉన్నాయి. ఊరివారీగా వచ్చే ఆరేళ్ల లెక్క కట్టడానికి జోస్యం అక్కర్లేదు. తెలంగాణలో ఒక్క విద్యార్థి కూడా లేని సర్కారు బడులు రెండు వేలకు పైగా ఉన్నాయని 2024-25 యూడైస్ (బడుల సమాచార వ్యవస్థ) లెక్కలు చెప్పాయి. మరోవైపు హైదరాబాద్ శివార్లలో వలస కూలీల పిల్లలతో కిక్కిరిసిన బడిలో రెండు తరగతుల్ని వరండాలో కూర్చోబెట్టడం నేను చూశాను. జిల్లాకో, రాష్ట్రానికో సగటు తీస్తే ఈ రెండూ ఒకదాన్నొకటి కప్పేసుకుంటాయి.

ఇప్పుడు నిర్వహణ. నా దృష్టిలో ఈ సమీక్షకంతటికీ ఇదే కేంద్రం. భవనాన్ని ఇవాళ కొత్తగా కట్టాలంటే ఎంతవుతుందో, అందులో ఏటా రెండు నుంచి నాలుగు శాతం దాని బాగోగులకు పెట్టాలన్నది కట్టడాల నిర్వహణలో చాలాకాలంగా వాడుకలో ఉన్న లెక్క. అమెరికా జాతీయ పరిశోధనా మండలి 1990లోనే ప్రభుత్వ భవనాలకు ఈ అంకె చెప్పింది. మన బడికి వేసి చూద్దాం. ఐదు గదుల బడి, గదికి 12 లక్షలు అనుకుంటే 60 లక్షలు. రెండు శాతమే అనుకున్నా ఏటా లక్షా ఇరవై వేలు. అదే బడిలో ఎనభైమంది పిల్లలుంటే సమగ్ర శిక్ష కింద వచ్చే వార్షిక గ్రాంటు పాతిక వేలు. అందులోనే సుద్దముక్కలు, రిజిస్టర్లు, కరెంటు బిల్లు, ఆగస్టు పదిహేను ఖర్చు, శుభ్రత. సర్వశిక్షా అభియాన్ రోజుల్లో మరమ్మతుకని విడిగా మూడు గదుల దాకా ఐదు వేలు, అంతకు మించితే పది వేలు ఇచ్చేవారు. పది వేలతో శ్లాబు మీద ఒక పొర వాటర్‌ప్రూఫింగ్ కూడా పడదు. కాబట్టి ఏ హెడ్మాస్టరైనా చేసేదొకటే, పెచ్చు ఊడినచోట సిమెంటు పూయించి పైన సున్నం కొట్టించడం. లోపల చువ్వ తుప్పు పడుతూనే ఉంటుంది. పదేళ్లకు గది మొత్తం పడగొట్టాలంటారు, పన్నెండు లక్షలకు కొత్త ఎస్టిమేట్ వేస్తారు.

దీన్ని గుర్తించి ఆంధ్రప్రదేశ్‌లో చేసిన ప్రయత్నం ఒకటుంది. పిల్లల్ని బడికి పంపే తల్లుల ఖాతాల్లో వేసిన అమ్మఒడి డబ్బులోంచి 2021లో తల్లికి వెయ్యి రూపాయలు మరుగుదొడ్ల నిర్వహణకు, 2022లో ఇంకో వెయ్యి బడి నిర్వహణకు తీసిపెట్టారు. దాన్నుంచి ఆయాలకు నెలకు ఆరు వేలు ఇచ్చారు, ఫినాయిలు, చీపుళ్లు కొన్నారు. మరుగుదొడ్లు మారాయి, అది కళ్లతో చూసిన మార్పు. దాని తర్వాత వచ్చిన తల్లికి వందనంలోనూ 2025 జూన్‌లో 15 వేలలో రెండు వేలు ఇలాగే పక్కన పెట్టి 13 వేలు ఖాతాల్లో వేశారు. కానీ నిర్వహణ నిధి ఇంకో పథకానికి వేలాడుతూ ఉంటే ఏమవుతుంది? 2023 జూన్ తర్వాత మళ్లీ 2025 జూన్ దాకా తల్లుల ఖాతాల్లో ఆ డబ్బు పడలేదు, బడికి రావాల్సిన వాటా కూడా లేదు. మరుగుదొడ్డి మాత్రం ప్రతిరోజూ వాడాల్సిందే. బడ్జెట్‌లో నిర్వహణకు సొంత పద్దు ఉండాలి. గది లెక్కన, గది వయసు లెక్కన అది జిల్లాకు రావాలి. పాత గదికి ఎక్కువ, కొత్త గదికి తక్కువ.

మరుగుదొడ్ల విషయంలో దేశం నేర్చుకున్న పాఠం కూడా ఇదే. 2014 ఆగస్టు 15న ప్రధాని ఎర్రకోట మీంచి ఏడాదిలోగా ప్రతి బడిలో మరుగుదొడ్లు, ఆడపిల్లలకు విడిగా, ఉండాలన్నారు. ప్రభుత్వ రంగ సంస్థలు కట్టిన వాటిని తర్వాత కాగ్ తనిఖీ చేసింది. చూసిన 2,326 మరుగుదొడ్లలో 691 వాడకంలో లేవు. లోపల నీళ్లు రానివి 72 శాతం. కట్టడం అయింది, నీటి గొట్టం, మోటారు, కడిగే మనిషి, తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలి అన్నవి ఎస్టిమేట్‌లో లేవు. ఒక బడిలో తొమ్మిదో తరగతి అమ్మాయిల్ని అడిగాను, పొద్దున ఇంటి దగ్గర నీళ్లు తాగి వస్తారా అని. తాగం, మళ్లీ వెళ్లాల్సి వస్తుంది కదా అన్నారు. అక్కడ మరుగుదొడ్డి ఉంది, రంగూ బాగుంది, మోటారు కాలి నెల రోజులైంది. వసతుల పట్టికలో ఆ బడికి అన్ని గడుల్లోనూ ‘ఉంది’ అనే ఉంటుంది. మోటారు ఎప్పుడు కాలింది, ఎన్ని రోజులకు బాగైంది అన్న గడి పట్టికలో చేర్చాలి.

భద్రత మాట ఎత్తాలంటే చెయ్యి వణుకుతుంది. 2004 జులై 16న తమిళనాడు కుంభకోణంలో పూరిపాకతో ఉన్న బడి అంటుకుని 94 మంది పిల్లలు చనిపోయారు. ఆ తర్వాత నడిచిన అవినాశ్ మెహరోత్రా కేసులో సుప్రీంకోర్టు 2009లో, పిల్లలకు భద్రమైన భవనంలో చదివే హక్కు ఉందంది. 2025 జులై 25న రాజస్థాన్‌లోని ఝాలావాడ్ జిల్లాలో ప్రార్థన వేళకు కాస్త అటూ ఇటుగా బడి కప్పు కూలి ఏడుగురు పిల్లలు పోయారు. ప్రతి ఘోరం తర్వాతా దేశమంతటా తనిఖీలకు ఆదేశాలు వెళ్తాయి. ఇంజినీర్లు వారం రోజులు తిరుగుతారు, శిథిలమైన గదుల జాబితా తయారవుతుంది. కూల్చడానికి మళ్లీ అనుమతులు, వేలం, పాత సామాను విలువ కట్టడం. ఆలోగా ఆ గదికి తాళం వేసి, దాని పక్కనే పిల్లల్ని ఆడుకోనిస్తారు. కూల్చివేతకు గడువు రాసిపెట్టడం, ఆ అధికారం జిల్లా స్థాయిలోనే ఇవ్వడం కొత్త భవనం కన్నా ముందు జరగాల్సిన పని.

వాతావరణం గురించి కొంచెమే చెప్తాను. మార్చి సగం నుంచే ఒంటిపూట బడులు పెట్టే ప్రాంతంలో రేకుల కప్పు గదుల్ని తాత్కాలికం పేరుతో పదిహేనేళ్లు నడపకూడదు. 1977 దివిసీమ ఉప్పెన, 2014 హుద్‌హుద్ చూసిన తీరంలో ఊరికి ఆపద వస్తే జనం పరుగెత్తేది బడికే. అక్కడ నేలమట్టం, మెట్లు, పై అంతస్తు, నీళ్ల ట్యాంకు పిల్లల కోసమే కాదు, ఊరందరి కోసం లెక్క వేయాలి.

బయట చూద్దాం. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో స్కూల్ డిస్ట్రిక్ట్ ఆస్తిపన్ను మీద ఆధారపడి, బాండ్ల మీద ఓటర్ల అనుమతి అడుగుతుంది. డాలస్ చుట్టుపక్కల, న్యూజెర్సీలో స్థిరపడిన మనవాళ్లకు ఇంటికొచ్చే ఆ ఓటింగు కరపత్రాలు పరిచయమే. అక్కడ చాలాచోట్ల భవనానికి ఒక నిష్పత్తి కడతారు. బాకీ ఉన్న మరమ్మతుల ఖర్చును ఆ భవనం కొత్తగా కట్టే ఖర్చుతో భాగిస్తారు. వచ్చిన అంకె ఎంత పెరిగితే భవనం అంత పాడైనట్టు. ఇంత ఏర్పాటున్నా అక్కడా బాకీ పేరుకుపోయింది. ఆ దేశపు గవర్నమెంట్ అకౌంటబిలిటీ ఆఫీసు 2020లో చేసిన అధ్యయనంలో 54 శాతం డిస్ట్రిక్ట్‌లు తమ బడుల్లో ఒకటికి మించిన వ్యవస్థల్ని మార్చాల్సిన స్థితిలో ఉన్నాయని తేలింది. బాండ్ డబ్బు కట్టడానికే గానీ రోజువారీ బాగోగులకు వాడకూడదన్న నిబంధన దానికి ఒక కారణం. కొత్తదానికి డబ్బు దొరుకుతుంది, ఉన్నదాన్ని కాపాడుకోవడానికి దొరకదు. ఆ చిక్కు అక్కడా ఇక్కడా ఒకటే. మనం అక్కణ్నుంచి తెచ్చుకోదగ్గది ఆ ఒక్క నిష్పత్తి. ఏ బడికి ముందు, ఏ బడికి తర్వాత అన్నది పైరవీ మీద కాకుండా ఒక అంకె మీద తేలుతుంది. సర్పంచికీ తల్లులకూ కూడా అర్థమయ్యే అంకె.

చట్టం మన దగ్గర ఎప్పుడో ఉంది. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం టీచరుకో గది, హెడ్మాస్టరుకూ ఆఫీసుకూ ఒక గది, ఆడపిల్లలకూ మగపిల్లలకూ విడివిడి మరుగుదొడ్లు, తాగునీరు, వంటగది, ఆటస్థలం, ప్రహరీ, అడ్డంకులు లేని దారి తప్పనిసరంది. ప్రతి బడి యాజమాన్య కమిటీ మూడేళ్ల అభివృద్ధి ప్రణాళిక రాయాలంది. తరగతివారీగా పిల్లల అంచనా, కావాల్సిన గదులు అందులో ఉండాలి. కమిటీలో మూడొంతులు తల్లిదండ్రులు, సగం మహిళలు. ఇంతకన్నా మంచి పునాది ఎవరిస్తారు? కానీ చాలా బడుల్లో ఆ ప్రణాళిక ఒక నమూనాను నింపి మండల వనరుల కేంద్రమైన ఎంఆర్‌సీలో ఇచ్చి వచ్చే కాగితంగా మిగిలింది. అడిగింది రాదని తెలిసినప్పుడు ఎవరైనా ఆలోచించి ఎందుకు రాస్తారు? జిల్లాలో ఏటా ఖాయంగా వచ్చే మొత్తం ఇంత, మీ బడి వంతు ఫలానా సంవత్సరం అని ముందే చెప్తే ఆ కాగితానికి ప్రాణం వస్తుంది.

అందుకే సర్వీసు రిజిస్టరు అంటున్నాను. బడికొకటి, అసలు పుస్తకం బడిలో, నకలు జిల్లాలో, యూడైస్ నంబరు మీద. మొదటి పేజీలో స్థలం కాగితం, సర్వే నంబరు, కొలతలు. తర్వాత గదికో పేజీ: కట్టిన ఏడాది, పథకం, ఏ మరమ్మతు ఎప్పుడు ఎంతకు జరిగింది, ఎవరు కొలిచారు. ఆవరణ పటంలో నీటి గొట్టం, కరెంటు కేబుల్, సెప్టిక్ ట్యాంకు ఎక్కడున్నాయో. ఆంధ్రప్రదేశ్‌లో హెడ్మాస్టరు ఒకచోట ఐదేళ్లు, టీచరు ఎనిమిదేళ్లు దాటితే బదిలీ తప్పదు. వాళ్లతో పాటే బడి సంగతులు కూడా వెళ్లిపోతున్నాయి. కొత్త మరుగుదొడ్లకు పునాది తీస్తుంటే పాత పైపు పగిలి, బడికి నాలుగు రోజులు నీళ్లు లేని సంఘటన నాకు తెలుసు. ఆ పైపు ఎటు పోతుందో బడిలో ఎవరికీ తెలియదు. చివరికి ఎప్పుడో రిటైరైన అటెండర్ని ఇంటికెళ్లి పిలుచుకొస్తే, ఆయన కర్రతో నేల మీద గీత గీసి చూపించాడు. ఆ గీతను ఆ రోజే పటంలోకి ఎక్కించి ఉండాల్సింది.

ఈ రిజిస్టరు పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. దాంతో పాటు మరమ్మతుల వేళ కూడా సరిచూసుకోవాలి. ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా వేసవి సెలవులు. పెద్ద మరమ్మతులకు ఏడాదిలో దొరికేది ఆ ఏడు వారాలే. నిధులు మాత్రం మార్చి ఆఖర్లో హడావిడిగానో, బడి తెరిచాక జులైలోనో వస్తాయి. ఫిబ్రవరికే టెండరు పూర్తయి, ఏప్రిల్ 24న తాపీమేస్త్రి బడిలో ఉండేలా జిల్లా క్యాలెండరు మార్చుకోవాలి. తనిఖీ రోజు కూడా మారాలి. ఎండల్లో చూస్తే ఏ శ్లాబైనా బాగానే కనిపిస్తుంది. తొలకరి గట్టిగా కురిసిన మర్నాడు ఏఈ, హెడ్మాస్టరు, కమిటీలో ఇద్దరు తల్లులు కలిసి గదిగదీ తిరగాలి. కప్పులో, గోడ మీద చెమ్మ ఎంతవరకు వచ్చిందో దాని అంచు వెంట సుద్దముక్కతో గీత గీసి, పక్కన తేదీ వేసి, రిజిస్టరులో ఆ గది పేజీలో రాసుకోవాలి. మరుసటేడు తొలకరికి మళ్లీ అదే గోడ దగ్గర నిలబడి, కొత్త తడి పాత గీతను దాటిందో లేదో చూడాలి.